మీ ప్రశ్నలు, మా జవాబులు: జిమ్ హార్బా ఆట ఎందుకంత మొరటుగా ఉంటుంది?

ఈసారి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మీద ప్రశ్నలు బాగా వచ్చాయి, అందులోనూ జిమ్ హార్బా గురించే ఎక్కువ. 2015 నుంచి 2023 సీజన్ దాకా మిషిగన్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా చేసి, చివరి ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 15-0తో నేషనల్ ఛాంపియన్‌షిప్ కొట్టి, అక్కడితో కాలేజీ ఆట వదిలేసి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చార్జర్స్ టీమ్‌కి వెళ్లిపోయిన మనిషి. డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్లు బాగా స్థిరపడ్డారు, పిల్లలు ఆ యూనివర్సిటీ ఉన్న యాన్ ఆర్బర్‌లో చదువుతున్నారు, అందుకే ఈ ఆసక్తి. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలు కలిపేసి రాస్తున్నాను.

ప్రశ్న (నోవీ, మిషిగన్ నుంచి ఒక తండ్రి): నమస్కారమండి. మా అబ్బాయి యాన్ ఆర్బర్‌లో చదువుతాడు, వాడి పుణ్యమా అని నాకూ శనివారం టీవీ ముందు కూర్చోవడం అలవాటైంది. పాత మ్యాచ్‌లు కూడా పెట్టి చూపిస్తుంటాడు. బంతి విసిరితే ఒక్కసారే 40 గజాలు వస్తుంటే హార్బా టీమ్ మాత్రం ఎప్పుడు చూసినా మధ్యలోకి గుద్దుకుంటూ వెళ్లి మూడు గజాలు, నాలుగు గజాలు తెచ్చుకుంటది. ఇది పాతకాలం ఆట కాదా?

జవాబు: పాతకాలం అనే మాట చాలామంది అంటారండి, నేను మాత్రం ఒప్పుకోను. ముందు లెక్క చూడండి. నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, పది గజాలు దాటితే మళ్లీ కొత్తగా నాలుగు డౌన్లు ఇస్తారు, అంటే ప్రతిసారీ నాలుగు గజాలు ఖాయంగా తెచ్చుకునే టీమ్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు, మూడుసార్లకే పన్నెండు గజాలు అయిపోతాయి. విసిరితే 40 వచ్చే మాట నిజమే, కానీ బంతి కింద పడితే సున్నా, అవతలివాడు పట్టేసుకుంటే బంతే పోయింది, విసిరేలోపు క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరేవాడు) పడేస్తే ఉన్న గజాలు కూడా వెనక్కి. పైగా పరుగు ఆట ఆడుతున్నంతసేపూ గడియారం తిరుగుతూనే ఉంటది, అవతలి టీమ్‌లో ఎంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఉన్నా బెంచ్ మీద కూర్చుని చూడాల్సిందే.

ఇక్కడిదాకా లెక్క. హార్బా నమ్మేది ఇంకాస్త ముందుకెళ్తది. మేం ఏం చేయబోతున్నామో మీకు తెలుసు, స్టేడియంలో ఉన్న లక్షమందికీ తెలుసు, అయినా ఆపలేరు, ఈ సంగతి అవతలి డిఫెన్స్ మనసులో పడితే చాలు సగం పని అయిపోయినట్టే. మొదటి క్వార్టర్లో రెండు గజాలకి ఆపేసిన అదే కుర్రాడు నాలుగో క్వార్టర్‌కి వచ్చేసరికి అరక్షణం ఆలస్యంగా లేస్తాడు, చేతులు అడ్డం పెడతాడు తప్ప భుజం పెట్టడు, ఆ అరక్షణం కోసమే ముందు మూడు క్వార్టర్లూ గుద్దేది.

దీనికి నేనెప్పుడూ చెప్పే మ్యాచ్ 2023 నవంబర్ 11న పెన్ స్టేట్ గ్రౌండ్‌లో జరిగింది. పెన్ స్టేట్‌ది ఆ ఏడాది దేశంలోనే గట్టి రన్ డిఫెన్స్‌లలో ఒకటి. మ్యాచ్‌కి ముందు రోజు సాయంత్రం మిషిగన్ ఆడే లీగ్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్ హార్బాని సస్పెండ్ చేసింది, ఎందుకన్నది కింద ఇంకో జవాబులో రాశాను, దాంతో ఆయన స్టేడియంలో లేడు, అఫెన్స్ (బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఆడే ఆట) కోఆర్డినేటర్ షెరోన్ మూర్ టీమ్‌ని నడిపాడు. పెన్ స్టేట్ అంచుల్లో ఉన్న రషర్లు మరీ వేగంగా క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేస్తున్నారు, అది చూసి మూర్ విసరడమే మానేశాడు. వరసగా 32 రన్ ప్లేలు. మధ్యలో ఒక్కటే పాస్, అది కూడా పెనాల్టీ వల్ల లెక్కలోకి రాలేదు. రెండో సగమంతా రికార్డుల్లో ఒక్క పాస్ కూడా లేదు. మంచి చెయ్యి ఉన్న జె.జె. మెకార్తీ లాంటి క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టుకుని మొత్తం మ్యాచ్‌లో విసిరింది 8 సార్లు, 60 గజాలు, అంతే. రన్నింగ్ బ్యాక్ బ్లేక్ కోరమ్ 26 సార్లు బంతి మోసి 145 గజాలు, రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించడం). స్కోరు 24-15. కోచ్ లేకపోయినా టీమ్ ఆయన పద్ధతి వదల్లేదు, కష్టం వచ్చినప్పుడు ఇంకా గట్టిగా పట్టుకుంది, అందుకే ఆ మ్యాచ్ నాకంత ఇష్టం.

ప్రశ్న (విజయవాడ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి): సర్, యూట్యూబ్‌లో హైలైట్స్ చూస్తుంటాను. కామెంటేటర్లు మాటిమాటికీ 'పవర్' అంటారు, అదేదో ఒక ప్లే పేరు అని అర్థమైంది గానీ లోపల ఏం జరుగుతుందో తెలియట్లేదు, అందరూ ఒకరి మీద ఒకరు పడిపోతున్నట్టే కనిపిస్తుంది. కాస్త విడమర్చి చెప్తారా?

జవాబు: మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, ఇది అర్థమైతే హార్బా ఆట అంతా అర్థమైనట్టే.

అఫెన్స్ లైన్‌లో ఐదుగురు ఉంటారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్ల పక్కన టాకిల్స్. బంతి కుడివైపు వెళ్లాలి అనుకుందాం. కుడి గార్డ్, కుడి టాకిల్ ఇద్దరూ కలిసి ఎదురుగా ఉన్న ఒక్క డిఫెన్స్ లైన్‌మాన్ మీద పడతారు, ఇద్దరు ఒక్కడిని పట్టుకుని నేల మీంచి లేపి లోపలివైపు తోసేస్తారు, వాడు కదిలాక ఇద్దరిలో ఒకరు వదిలేసి వెనకున్న లైన్‌బ్యాకర్ మీదికి వెళ్తారు. అదే టైంలో ఫుల్‌బ్యాక్ (బంతి మోసేవాడికి ముందు దారి వేసేవాడు) పరుగెత్తుకొచ్చి అంచులో ఉన్న డిఫెన్స్ ఎండ్‌ని బయటివైపు గుద్దుతాడు. లోపలివాడు లోపలికి, బయటివాడు బయటికి, మధ్యలో సందు తెరుచుకుంటది.

ఇప్పుడు అసలు సంగతి. ఎడమవైపున్న గార్డ్ ఉన్నాడు కదా, అతను ఎదురున్నవాడిని వదిలేసి, ఒక అడుగు వెనక్కి వేసి, లైన్ వెనకనుంచి కుడివైపు పరుగెత్తుతాడు, దీన్ని పుల్ చేయడం అంటారు. 140 కిలోల మనిషి అడ్డంగా పరుగెత్తుకుంటూ వచ్చి ఆ సందులోకి తిరిగి ఎదురొచ్చిన లైన్‌బ్యాకర్‌ని గుద్దుతాడు. అతను ఖాళీ చేసిన చోటుని సెంటర్ చూసుకుంటాడు. బంతి మోసేవాడు ఈ గార్డ్ వీపు చూసుకుంటూ వెనకాలే వెళ్తాడు.

ఇందులో గొప్పతనం ఎక్కడుందంటే, డిఫెన్స్ వాళ్లు స్నాప్‌కి (సెంటర్ బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) ముందు మనుషుల్ని లెక్కపెట్టుకుంటారు, కుడివైపు ఇంతమంది అఫెన్స్, మనవాళ్లు ఇంతమంది, సరిపోయింది అని. బంతి కదిలిన సెకనులోపే అక్కడికి ఒక మనిషి అదనంగా వచ్చి చేరతాడు, వాళ్ల లెక్క తప్పింది. చూడటానికి గుద్దులాటలా ఉంటది గానీ నిజానికి ఇది మనుషుల లెక్క, కోణాల లెక్క. ఇంజినీరింగ్ చదువుతున్నావు కాబట్టి నీకు ఇది నచ్చుతుందనే అనుకుంటున్నా.

ఇంకోటి. ఆ గార్డ్ కదలగానే లైన్‌బ్యాకర్లు రెండడుగులు ముందుకేస్తారు, వాళ్లకి నేర్పిందే అది, గార్డ్ ఎటు వెళ్తే బంతి అటు. ఒక పదిసార్లు నిజంగానే పవర్ ఆడి, పదకొండోసారి గార్డ్‌ని అలాగే కదిలించి, బంతి ఇచ్చినట్టు నటించి క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉంచితే, ముందుకొచ్చిన లైన్‌బ్యాకర్ల వెనక ఎవరూ ఉండరు. ప్లే-యాక్షన్ అంటే అదే. స్టాన్‌ఫర్డ్‌లో హార్బా కోచ్‌గా ఉన్నప్పుడు 2011 జనవరి 3న ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లో వర్జీనియా టెక్‌ని 40-12తో కొట్టారు, ఆ రాత్రి టైట్ ఎండ్ కోబీ ఫ్లీనర్ మూడు టచ్‌డౌన్లు పట్టాడు, మూడూ దూరం నుంచే, 41 గజాలు, 58 గజాలు, 38 గజాలు. టైట్ ఎండ్ అంటే సగం లైన్‌మాన్ లాంటివాడు, అలాంటివాడు అంత దూరం ఒంటరిగా ఎలా పరుగెత్తాడు అంటే డిఫెన్స్ కళ్లన్నీ పరుగు మీదే ఉన్నాయి కాబట్టి. హార్బాకి పాస్ అంటే పడదు అని రాసేవాళ్లు ఈ ముక్క మర్చిపోతారు, ఆయన స్వయంగా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలా ఏళ్లు ఆడిన క్వార్టర్‌బ్యాక్. పరుగుతో దారి వేసుకుని ఆ తర్వాత విసరడం ఆయన వరస.

ప్రశ్న (గుంటూరు జిల్లా నుంచి ఒక పీఈటీ మాస్టారు): నేను స్కూల్లో కబడ్డీ నేర్పిస్తాను. మీరు మొన్న ఈ ఆట గురించి రాసినప్పుడు లైన్‌మెన్ 130, 140 కిలోలు ఉంటారన్నారు. అయితే బరువున్నవాడిదే గెలుపా? ఇక కోచింగ్ ఏముంది ఇందులో?

జవాబు: మాస్టారూ, మీకు ఇది నాకంటే బాగా తెలిసే ఉంటది. కబడ్డీలో గొలుసు పట్టుకుని నిలబడ్డ ఇద్దరిలో ఒకడు ముందు కదిలి ఒకడు వెనకపడితే రైడర్ వాళ్ల మధ్యలోంచే జారిపోతాడు కదా, లైన్‌లో ఐదుగురికీ అదే సమస్య, ఒక్కడు అరడుగు తప్పినా మిగతా నలుగురి కష్టం వృథా.

బరువు కావాలి, అది లేకుండా పని జరగదు. కానీ అవతలివాడికీ అంతే బరువు ఉంటది. అక్కడ గెలిపించేది ఎవడు కిందనుంచి వెళ్లాడు అన్నది. మోకాళ్లు వంచి, నడుము కిందికి పెట్టి, భుజం అవతలివాడి భుజం కంటే దిగువనుంచి తగిలిస్తే వాడు పైకి లేస్తాడు, పైకి లేచినవాడికి కాళ్లలో బలం పోతది. చేతులు ఛాతీ లోపలివైపు పడాలి, బయట పడితే పట్టుకున్నట్టు రిఫరీ జెండా విసురుతాడు. గుద్దాక పాదాలు ఆగకూడదు, చిన్న చిన్న అడుగులు వేస్తూనే ఉండాలి. ఇవన్నీ వేలసార్లు చేయించాల్సిన పనులు. మిషిగన్‌లో 2018లో బెన్ హెర్బర్ట్ అనే స్ట్రెంత్ కోచ్ వచ్చాడు, హార్బా తర్వాత చార్జర్స్‌కి వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లాడు, దాన్నిబట్టే ఆ పనికి ఎంత విలువ ఇస్తాడో తెలుస్తది.

దేశం మొత్తంలో మంచి అఫెన్స్ లైన్‌కి జో మూర్ అవార్డు అని ఇస్తారు, ఒక్కడికి కాకుండా మొత్తం లైన్‌కి కలిపి ఇస్తారు. 2021లో, 2022లో వరసగా మిషిగన్‌కే వచ్చింది. 2023లో వాషింగ్టన్‌కి ఇచ్చారు, ఆ వాషింగ్టన్‌నే 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో ఫైనల్లో మిషిగన్ 34-13తో ఓడించింది, నేల మీద 303 గజాలు పరుగెత్తి. డోనోవన్ ఎడ్వర్డ్స్ మొదటి క్వార్టర్లోనే రెండు టచ్‌డౌన్లు, 41 గజాలు ఒకటి, 46 గజాలు ఒకటి. అతన్ని ఎవరూ సరిగ్గా ముట్టుకున్నది కూడా లేదు. ఆ రాత్రి పేపర్లలో ఎడ్వర్డ్స్, కోరమ్ పేర్లు వచ్చాయి, లైన్‌లో ఉన్న ఐదుగురి పేర్లు ఎంతమందికి తెలుసు? నాకు ఈ విషయంలో ఎప్పుడూ బాధే.

ప్రశ్న (డబ్లిన్, ఒహాయో నుంచి): నేను ఒహాయో స్టేట్‌లో చదువుకున్నాను, ఆ యూనివర్సిటీ టీమ్ బక్‌ఐస్‌కి అభిమానిని. మీ కాలమ్‌లో హార్బాని ఆకాశానికెత్తడం చూస్తుంటే ఒళ్లు మండుతోంది. ఇదే ఫిలాసఫీతో మా చేతిలో వరసగా ఐదుసార్లు ఓడిపోయాడు కదా? తర్వాత గెలిచింది కూడా అవతలి కోచ్‌లు ఆటగాళ్లకి చేసే సైగలు దొంగిలించి. ఆ సంగతి ఎందుకు రాయరు?

జవాబు: రాస్తానండి, దాచాల్సిన పనేముంది.

ఓటముల సంగతి ముందు. 2015లో 42-13, 2016లో రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి 30-27, 2017లో 31-20, 2018లో 62-39, 2019లో 56-27. చివరి రెండూ చూస్తే డిఫెన్స్ పూర్తిగా చేతులెత్తేసింది, విసిరిన బంతి పట్టే ఒహాయో స్టేట్ రిసీవర్ల వేగం ముందు మిషిగన్ వాళ్లు నిలబడలేకపోయారు. 2020లో కోవిడ్ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచారు, ఒహాయో స్టేట్ మ్యాచ్ జరగనే లేదు. యూనివర్సిటీ ఆయన్ని తీసేయకుండా జీతం సుమారు సగానికి తగ్గించి కొత్త కాంట్రాక్టు ఇచ్చింది, చాలామంది ఆయన పని అయిపోయిందనే అనుకున్నారు.

నన్నడిగితే ఆ రోజుల్లో జరిగిన పొరపాటు ఫిలాసఫీలో లేదు, దాని మీద నిలబడకపోవడంలో ఉంది. మొదట్లో బరువైన ఫార్మేషన్లు, ఫుల్‌బ్యాక్‌లు, 2016లో విస్కాన్సిన్ మీద అయితే స్నాప్‌కి ముందు ఆటగాళ్లందరినీ రైలుబండిలా వరసగా నిలబెట్టి ఒక్కసారిగా విడదీశాడు, చూడముచ్చటగా ఉంటది. ఓటములు వచ్చేసరికి 2019లో జాష్ గాటిస్‌ని అఫెన్స్ కోఆర్డినేటర్‌గా తెచ్చి, వేగమైన ఆటగాళ్లకి ఖాళీలో బంతి అందించే స్ప్రెడ్ ఆటకి మారాడు. ఒహాయో స్టేట్ దగ్గర అంతకంటే వేగమైనవాళ్లు ఉన్నప్పుడు ఆ పందెంలో గెలవడం ఎలా కుదురుతుంది? 2021కి వచ్చేసరికి స్ప్రెడ్‌లో పనికొచ్చినవి ఉంచుకుని, పునాది మాత్రం మళ్లీ పరుగు ఆటకి మార్చారు. డిఫెన్స్‌కి కోచ్‌గా మైక్ మెక్‌డొనాల్డ్ వచ్చాడు. ప్రాక్టీస్‌లో తొమ్మిది మంది అఫెన్స్, ఏడుగురు డిఫెన్స్ పెట్టి కేవలం పరుగు మాత్రమే ఆడించే డ్రిల్ ఉంటది, డిఫెన్స్‌కి కూడా తెలుసు వచ్చేది పరుగే అని, దానికి 'బీట్ ఒహాయో' అని పేరు పెట్టి చేయించారు. ఆ ఏడాది నవంబర్ 27న మంచు పడుతుంటే మీ టీమ్ మీద 42-27. హసన్ హాస్కిన్స్ 28 సార్లు మోసి 169 గజాలు, ఐదు టచ్‌డౌన్లు, ఐదూ నేల మీదే. ఆ మ్యాచ్ రెండో సగం మీరు ఇంకోసారి చూడండి, కోపం పక్కనపెట్టి. మీ డిఫెన్స్ లైన్ గజం గజం వెనక్కి జరగడం కళ్లకి కనపడతది.

మరుసటి ఏడాది మీ గ్రౌండ్‌లోనే 45-23. ఈసారి మీవాళ్లు పరుగుని ఆపడానికి మనుషుల్ని ముందుకి తెచ్చారు, మొదటి సగంలో ఆపారు కూడా, దాంతో మెకార్తీ కార్నీలియస్ జాన్సన్‌కి 69 గజాలది ఒకటి, 75 గజాలది ఒకటి విసిరాడు. తర్వాత నాలుగో క్వార్టర్లో ఎడ్వర్డ్స్ 75 గజాలు, 85 గజాలు పరుగెత్తాడు. అటు మూస్తే ఇటు, ఇటు మూస్తే అటు.

ఇక సైగల సంగతి. మిషిగన్ స్టాఫ్‌లో ఒక వ్యక్తి రాబోయే ప్రత్యర్థుల మ్యాచ్‌లకి మనుషుల్ని పంపించి కోచ్‌ల సైగలు రికార్డు చేయించాడు, రూల్స్ ప్రకారం అది తప్పు. ఆ విషయం మీదే బిగ్ టెన్ 2023లో హార్బాని చివరి మూడు లీగ్ మ్యాచ్‌లకి దూరం పెట్టింది. దానికి ముందు ఆటగాళ్ల రిక్రూటింగ్ ఉల్లంఘనల కేసులో సీజన్ మొదటి మూడు మ్యాచ్‌లకి యూనివర్సిటీయే సస్పెండ్ చేసింది. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ 2024లో నాలుగేళ్ల షో-కాజ్ (ఆయన్ని పెట్టుకోవాలంటే ఆ కాలేజీ కారణం చూపించుకోవాల్సిన శిక్ష), 2025లో దాని మీద ఇంకో పదేళ్లు వేసింది, అంటే కాలేజీ కోచింగ్‌కి తిరిగొచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. సైగలు తెలిస్తే లాభం ఉంటది, లేదని నేను అనను, తన కింద ఇంత జరుగుతుంటే హెడ్ కోచ్‌కి బాధ్యత లేదని కూడా అనను. ఆ మచ్చ ఉంటది. కానీ ఆ వ్యక్తిని 2023 అక్టోబర్లో పక్కన పెట్టేశారు, ఆ తర్వాతే పెన్ స్టేట్, మీ ఒహాయో స్టేట్, అలబామా, వాషింగ్టన్ మీద గెలిచారు. పవర్ వస్తుందని మీవాళ్లకీ తెలుసు, అందులో దాచింది ఏమీ లేదు. ఆపలేకపోయారు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): ఈ పద్ధతి ఆయనకి ఎక్కడ అబ్బింది? సొంతంగా కనిపెట్టిందా?

జవాబు: కాదండి, ఇంట్లోంచి వచ్చింది. తండ్రి జాక్ హార్బా 1970ల్లో మిషిగన్‌లో బో షెమ్‌బెక్లర్ దగ్గర అసిస్టెంట్ కోచ్, చిన్నప్పుడు జిమ్, అన్న జాన్ ఇద్దరూ ఆ గ్రౌండ్ చుట్టూ తిరుగుతూ పెరిగారు. షెమ్‌బెక్లర్ ఏమో అంతకుముందు ఒహాయో స్టేట్‌లో వుడీ హేస్ దగ్గర పనిచేసినవాడు. హేస్ ఆటని మూడు గజాలు, ఓ దుమ్ము మేఘం అనేవాళ్లు. ఈ గురుశిష్యులే 1969 నుంచి 1978 దాకా పదేళ్లు ఒకరి మీద ఒకరు తలపడ్డారు, షెమ్‌బెక్లర్ ఐదు గెలిచి, నాలుగు ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాడు. జిమ్ అదే షెమ్‌బెక్లర్ కింద క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు, 1986లో ఒహాయో స్టేట్ మీద గెలుస్తాం అని ముందే మీడియాకి మాటిచ్చేసి 26-24తో గెలిచి చూపించాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చికాగో బేర్స్‌కి ఆడినప్పుడు కోచ్ మైక్ డిట్కా, ఆయనా ఇదే బాపతు.

కానీ ఈ పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుందని నిరూపించింది మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో. 2006లో స్టాన్‌ఫర్డ్ రికార్డు 1-11. చదువుల్లో అంత కఠినంగా ఉండే చోటికి గొప్ప అథ్లెట్లు ఎందుకొస్తారు అని అందరూ వదిలేసిన టీమ్. హార్బా 2007లో వచ్చాడు, ఆ అక్టోబర్లోనే 41 పాయింట్ల తేడాతో గెలుస్తుందనుకున్న యూఎస్‌సీని (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వాళ్ల గ్రౌండ్‌లోనే 24-23తో కొట్టారు. 4-8, 5-7, 8-5, ఆఖరికి 2010లో 12-1. 2009లో టోబీ గెర్హార్ట్ 1,871 గజాలు, 28 టచ్‌డౌన్లు పరుగెత్తి, కాలేజీ ఆటలో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీలో చాలా తక్కువ తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. ఆ ఏడాదే యూఎస్‌సీ మీద 55-21.

స్టాన్‌ఫర్డ్‌లో నాకు బాగా ఇష్టమైన ఆటగాడు ఓవెన్ మారెసిక్. అఫెన్స్‌లో ఫుల్‌బ్యాక్, డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్, రెండూ ఆడేవాడు. ఈ రోజుల్లో అలా ఆడేవాళ్లు చాలా అరుదు, ఊపిరి సరిపోదు. 2010లో నాటర్‌డేమ్ మీద ఫుల్‌బ్యాక్‌గా టచ్‌డౌన్ కొట్టి, వెంటనే డిఫెన్స్‌లోకి వచ్చి వాళ్ల పాస్ పట్టేసుకుని ఇంకో టచ్‌డౌన్ కొట్టాడు, రెండిటికీ మధ్య ఆట గడియారంలో 13 సెకన్లే.

ప్రశ్న (ట్రాయ్, మిషిగన్ నుంచి ఒక తల్లి): మా వాడు హైస్కూల్ టీమ్‌లో చేరతానని గొడవ చేస్తున్నాడు, లైన్‌లో పెడతామన్నారట. మీరు ఇంత ఇష్టంగా రాస్తున్నారు గానీ ఇంత గుద్దుకుంటే పిల్లల తలకి ఏమవుతుందో అని నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే, ఆట మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడను. పెద్ద దెబ్బ తగిలి కళ్లు తిరిగి పడిపోవడం అందరికీ కనిపిస్తది, లైన్‌లో ఉన్నవాడికి అసలు ప్రమాదం కనిపించని చిన్న చిన్న దెబ్బలు, ప్రతి ప్లేకీ ఒకటి, ఏళ్ల తరబడి. సీటీఈ అనే మెదడు జబ్బుకి ఇలాంటి దెబ్బలు పదేపదే తగలడంతో సంబంధం ఉందని పరిశోధకులు చెప్తున్నారు. అందుకే కాలేజీ స్థాయిలోనే 2021లో రూల్స్ మార్చారు, సీజన్‌కి ముందు పూర్తి ప్యాడ్లతో ప్రాక్టీసులు తొమ్మిదికి తగ్గించారు, ఇద్దరిని ఎదురెదురుగా పెట్టి గుద్దించే ఓక్లహోమా డ్రిల్ లాంటివి నిషేధించారు. కాళ్ల సంగతి వేరే, 2023 ఒహాయో స్టేట్ మ్యాచ్‌లో మిషిగన్ గార్డ్ జాక్ జింటర్ కాలు విరిగి బండి మీద తీసుకెళ్లారు, స్టేడియం మొత్తం నిశ్శబ్దం. ఆ తర్వాతి ప్లేకే కోరమ్ 22 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసి జింటర్ జెర్సీ నంబర్ 65ని వేళ్లతో చూపించాడు. అందరూ ఆ వేళ్ల గురించే రాస్తారు, నాకు ఆ కాలు కూడా గుర్తుంటది.

మీరు ఆ స్కూల్ కోచ్‌ని కలిసి వారంలో ఎన్ని రోజులు పూర్తి కాంటాక్ట్ ఉంటది, తల తగిలితే ఎవరు చూస్తారు, అథ్లెటిక్ ట్రైనర్ మ్యాచ్‌కే వస్తారా ప్రాక్టీస్‌కి కూడా ఉంటారా, డాక్టర్ రాసిస్తేనే తిరిగి ఆడిస్తారా అని మొహమాటపడకుండా అడగండి. జవాబులు దాటవేస్తే పంపించొద్దు. వాడి ఈడు చిన్నదైతే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టించండి, అందులో గుద్దుకోవడం ఉండదు, 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కూడా పెట్టారు.

ప్రశ్న (కాంటన్, మిషిగన్ నుంచి): చార్జర్స్‌లో కూడా ఇదే పద్ధతా? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పనిచేస్తుందా?

జవాబు: ఇదే. 2024 డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం) ఐదో పిక్ చేతిలో ఉంది, జస్టిన్ హెర్బర్ట్ లాంటి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు కాబట్టి మంచి రిసీవర్‌ని తీసుకుంటారని చాలామంది అనుకున్నారు, హార్బా వెళ్లి జో ఆల్ట్ అనే టాకిల్‌ని తీసుకున్నాడు. ముందు ఏడాది 5-12 ఉన్న టీమ్ ఆ ఏడాది 11-6. కానీ ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే హ్యూస్టన్ చేతిలో 32-12తో ఓడిపోయారు, హెర్బర్ట్ విసిరిన నాలుగు పాస్‌లు అవతలివాళ్లు పట్టేసుకున్నారు. కాలేజీలో లైన్‌కీ లైన్‌కీ మధ్య తేడా ఎక్కువ, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎదురుగా ఉన్న ప్రతివాడూ ఏదో ఒక కాలేజీలో పెద్ద స్టారే, అక్కడ నాలుగో క్వార్టర్‌కి నీరుగారిపోయే డిఫెన్స్ దొరకడం కష్టం. అయినా శాన్‌ఫ్రాన్సిస్కోలో 2011 నుంచి 2013 దాకా వరసగా మూడేళ్లు టీమ్‌ని ఎన్‌ఎఫ్‌సీ (ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగం టీమ్‌ల విభాగం) ఫైనల్‌కి తీసుకెళ్లింది ఇదే మనిషి, ఒకసారి లీగ్ మొత్తానికి ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లి అన్న జాన్ టీమ్ చేతిలోనే 34-31తో ఓడిపోయాడు. కాబట్టి అక్కడ కుదరదు అనే మాట నేను అనను, లైన్ పూర్తిగా తయారవ్వడానికి ఇంకా టైం పడతది.